వాళ్ళ పొదుపు ఎక్కడికి పోయింది?

ఈ మధ్య లండన్‌లో మా ప్రాంతపు తెలుగువాళ్ళ సభ ఒకటి జరిగింది. పిల్లల చదువుల గురించీ ఇళ్ళ కొనుగోళ్ళ గురించీ చెప్పడానికి పిలిచిన ఒక పెద్దాయన, మాటల మధ్యలో మనల్ని కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళతో పోల్చారు. "వాళ్ళు మనకంటే ముందు వచ్చారు. ఇంగ్లీషు వాళ్ళకు కొత్త కాదు. అయినా ఇవాళ ఎంతమందికి సొంత ఇల్లుందో లెక్క చూడండి. తేడా అంతా పొదుపులోనే ఉంది" అన్నారు. చాలామంది తలలూపారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కొత్తగా వచ్చిన ఎంతోమందికి ఉద్యోగాలు వెతకడంలో సాయపడిన మనిషి. కానీ ఆ మాట తప్పు. ఎందుకు తప్పో సభలో లేచి రెండు నిమిషాల్లో చెప్పగలిగేది కాదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆయన ఉద్దేశించిన లెక్క నిజమే. ఇంగ్లండ్‌లో భారతీయ మూలాలున్న కుటుంబాల్లో నూటికి 70కి పైగా సొంత ఇళ్ళలో ఉంటే, కరీబియన్ మూలాలున్న నల్లజాతి కుటుంబాల్లో ఆ సంఖ్య 40 దగ్గర ఉంది. లెక్క నిజమైనంత మాత్రాన ఆయన చెప్పిన కారణం నిజం కాదు. బయట ఎక్కడా అప్పు పుట్టని రోజుల్లో, తమలో తాము వారానికింత అని పోగుచేసుకుని ఈ నగరంలో ఇళ్ళు కొన్నవాళ్ళు కరీబియన్లు. వాళ్ళకు పొదుపు తెలుసా అన్న ప్రశ్నకు చరిత్ర ఎప్పుడో జవాబు చెప్పింది. మనం అడగవలసింది, అంత పొదుపూ ఎక్కడికి పోయిందని.

వంటింటి సొరుగులో నోటుపుస్తకం

చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నేను బ్రిక్స్‌టన్ దగ్గర ఒక జమైకా ఆవిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆమెను ఆంటీ అని పిలిచేదాన్ని. వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలు పెద్దవాళ్ళను ఉట్టి పేరుతో పిలవరు కాబట్టి ఆ పిలుపు ఆమెకు కొత్తగా అనిపించలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, టోపీ తీసి పక్కన పెట్టి, వంటింటి సొరుగులోంచి ఒక నోటుపుస్తకం బయటికి తీసేది. పేజీలో ఎడమ పక్క నిలువుగా పేర్లు, పైన అడ్డంగా వారాల తేదీలు, డబ్బు అందినచోట నీలం సిరాతో టిక్కు, ఆ వారం ఎవరి వంతో ఆ పేరు చుట్టూ ఎర్ర సున్నా. సాయంత్రంలోగా ఒక్కొక్కరే వచ్చి కవరు బల్లమీద పెట్టి, టీ తాగి, మోకాళ్ళ నొప్పుల సంగతులు చెప్పుకుని వెళ్ళేవారు. ఇదేమిటని నేను అడగవలసిన అవసరం రాలేదు. మా అమ్మ తెనాలిలో చీటీలు నడిపిన పుస్తకం కూడా ఇలాగే ఉండేది.

జమైకావాళ్ళు దీన్ని పార్డ్‌నర్ అంటారు. ట్రినిడాడ్‌లో ఇదే సూసూ, బార్బడోస్‌లో మీటింగ్ టర్న్, గయానాలో బాక్స్ హ్యాండ్. వారం వారం కట్టే సొమ్ము 'హ్యాండ్', వంతు వచ్చినప్పుడు ఎత్తుకునేది 'డ్రా', నడిపే మనిషి 'బ్యాంకర్'. మన చీటీకీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇందులో పాట లేదు. మన చీటీలో అవసరం ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ తగ్గించి పాడుకుంటాడు. ఆ తగ్గింపు మిగిలినవాళ్ళకు లాభంగా పోతుంది. పార్డ్‌నర్‌లో మొదట ఎత్తినా చివర ఎత్తినా చేతికి వచ్చేది పూర్తి మొత్తమే. వరస బ్యాంకర్ నిర్ణయిస్తుంది. ఇంటికి అడ్వాన్సు కట్టాలనో, ఊళ్ళో ఉన్న పిల్లను రప్పించుకోవాలనో ముందుగా చెప్పుకున్నవాళ్ళను కాస్త ముందుకు జరుపుతుంది. ఎత్తుకున్నవాళ్ళు ఆమె చేతిలో ఎంతోకొంత పెట్టడం మర్యాద. పత్రాలు, హామీ సంతకాలు ఏమీ ఉండవు. ఎగ్గొట్టినవాడికి ఆ చర్చిలో, ఆ వీధిలో, సముద్రం అవతల సొంత ఊళ్ళో కూడా ముఖం చెల్లదు.

చీటీలు తెలిసిన తెలుగువాళ్ళకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. అటువంటి మనమే వాళ్ళకు పొదుపు తెలియదనడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ ఏర్పాటు లండన్‌లో అంత ముఖ్యం ఎందుకైందో తెలియాలంటే శామ్ కింగ్ కథ వినాలి. యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన ఈ జమైకా యువకుడు, 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడలో లండన్ దగ్గరి టిల్బరీ రేవుకు వచ్చాడు. యుద్ధం తరువాతి కరీబియన్ వలసలకు గుర్తుగా చెప్పుకునే ఓడ అది. 1950లో దక్షిణ లండన్‌లోని క్యాంబర్‌వెల్‌లో ఇల్లు కొనుక్కోవడానికి అప్పు కోరితే, తిరిగి జమైకా వెళ్ళిపొమ్మని సలహా ఇస్తూ జవాబు వచ్చింది. ఆ ఉత్తరం చూసి ఇల్లు అమ్మే యజమానే నొచ్చుకుని, తానే వాయిదాల మీద ఇల్లు ఇచ్చాడు. పోస్టాఫీసులో పనిచేసిన అదే కింగ్ 1983లో, క్యాంబర్‌వెల్ ఉన్న సదర్క్ ప్రాంతానికి మేయరయ్యాడు. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా మేయర్ పదవి దగ్గర ఆగి సంతోషిస్తారు. నా మనసు మాత్రం ఆ ఉత్తరం దగ్గరే ఆగిపోతుంది. అటువంటి యజమాని తగలని వందలమంది ఏం చేశారన్నదే అసలు చరిత్ర. వాళ్ళు పార్డ్‌నర్ వేసుకున్నారు.

అద్దె గది దొరకడమే గగనమైన రోజులవి. గాజు తలుపుల వెనక అంటించిన అద్దె ప్రకటనల్లో, పత్రికల్లోని చిన్న ప్రకటనల్లో 'నల్లవారికి ఇవ్వబడదు' అని బాహాటంగా రాసుకునేవారు. అది చట్టానికి విరుద్ధం కూడా కాదు. జాతి వివక్షను నిషేధిస్తూ 1965లో వచ్చిన మొదటి చట్టం ఇళ్ళ జోలికి పోలేదు. 1968లో గానీ ఇల్లు, ఉద్యోగం చట్టం పరిధిలోకి రాలేదు. అంటే విండ్‌రష్ వచ్చిన 20 ఏళ్ళ దాకా, రంగు చూసి తలుపు వేసేయడానికి ఇంటి యజమానికి పూర్తి హక్కు ఉంది. ఈనాడు ఈస్ట్‌హామ్‌లోనో హౌన్స్‌లోలోనో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబం, ఆ చట్టం వచ్చాక పుట్టిన లండన్‌లో వెతుక్కుంటోంది.

ఖర్చు రాసుకుంటే

పొదుపు ఎక్కడికి పోయిందో ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం. మొట్టమొదట ఓడ ఛార్జీ. విండ్‌రష్‌లో కింది డెక్కు టికెట్టు 28 పౌండ్ల 10 షిల్లింగులు. ఆవునో మేకలనో అమ్మి, బంధువుల దగ్గర అప్పు చేసి కట్టినవాళ్ళున్నారు. 1956లో లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ బస్సుల్లో, భూగర్భ రైళ్ళలో పనికి మనుషులు చాలక నేరుగా బార్బడోస్‌కే వెళ్ళి ఎంపిక చేసుకుంది. ఛార్జీ డబ్బు అక్కడి ప్రభుత్వం అప్పుగా ఇచ్చింది. అలా వచ్చిన కండక్టరు తొలి జీతాల్లోంచి తన ప్రయాణం బాకీ తీర్చుకోవలసి వచ్చింది. నగరానికి మనుషులు కావలసి వచ్చినా, ఆ రాకకయ్యే ఖర్చు వచ్చినవాళ్ళ మీదే పడింది.

రెండోది జీతం. ఆంటీ నర్సింగ్ నేర్చుకోవాలని వచ్చినప్పుడు ఆమెను రెండేళ్ళ కోర్సులో, అంటే ఎన్‌రోల్డ్ నర్సు శిక్షణలో పెట్టారు. మూడేళ్ళ రిజిస్టర్డ్ నర్సు కోర్సు అనేది వేరే ఉందనీ, పదోన్నతులన్నీ అటువైపే ఉన్నాయనీ చేరిన తరువాత గానీ ఆమెకు తెలియలేదు. కరీబియన్ నుంచి వచ్చిన ఆడపిల్లల్లో చాలామందికి ఇదే జరిగింది. ఈ చిన్న అర్హతకు సొంత దీవుల్లో గుర్తింపు కూడా ఉండేది కాదు కాబట్టి, తిరిగి వెళ్ళి నర్సుగా బతుకుదామన్నా కుదరదు. రాత్రి డ్యూటీలు, బెడ్‌పాన్‌లు వాళ్ళవి. వార్డుకు పెద్దగా ఉండే సిస్టర్ హోదా వేరేవాళ్ళది. ఒకే ఆస్పత్రిలో ఒకే వార్డులో జీవితమంతా పనిచేసిన ఇద్దరు నర్సుల పింఛన్ల మధ్య తేడా, పొదుపులో తేడా వల్ల వచ్చింది కాదు.

మూడోది అద్దె. నల్లవాళ్ళకు గది ఇచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి ఇచ్చినవాళ్ళు ఎక్కువ గుంజారు. 1957 అద్దె చట్టం నియంత్రణలు సడలించిన తరువాత నాటింగ్ హిల్‌లో అద్దెదారులను పీడించడానికి మారుపేరైన పీటర్ రాక్‌మన్ లాంటి యజమానుల పేరు దేశమంతా తెలిసింది. ఒక్క గదిలో నలుగురు, మెట్ల మలుపులో అందరికీ కలిపి ఒక పొయ్యి, షిల్లింగు వేస్తేనే వెలిగే గ్యాసు మీటరు, కిరోసిన్ హీటరు మీద ఆరేసిన తడి బట్టలు. ఆ హీటరు వాసన తన చిన్న కోటులోంచి ఎన్నేళ్ళకూ పోలేదని ఆంటీ చెప్పేది.

నాలుగోది పిల్లలు. దంపతులు ముందు వచ్చి, పిల్లలను అమ్మమ్మల దగ్గర వదిలి, పార్డ్‌నర్ ఎత్తినప్పుడల్లా ఒక్కొక్కరిని రప్పించుకున్నారు. 1962 వలస చట్టం వస్తోందని తెలియగానే, తలుపులు మూసుకుపోతాయన్న భయంతో ఆ రప్పించడం హడావిడిగా జరిగింది. దాచిన డబ్బంతా టికెట్లకే పోయింది. తీరా వచ్చిన పిల్లలను బడుల్లో మందమతులుగా లెక్కగట్టి ప్రత్యేక పాఠశాలలకు పంపడం మామూలైపోయింది. గ్రెనడా నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు బెర్నార్డ్ కోర్డ్ 1971లో ఒక చిన్న పుస్తకం వేసి ఈ సంగతి బయటపెట్టిన తరువాత, తల్లిదండ్రులూ చర్చిలూ కలిసి శనివారం బడులు నడిపారు. అందుకయ్యే ఖర్చు కూడా ఆ నోటుపుస్తకాల నుంచి వచ్చినదే. మన పిల్లలు శనివారాలు ట్యూషన్‌కు వెళ్ళేది, ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే గ్రామర్ స్కూల్‌లో సీటు కోసం. వాళ్ళ పిల్లలు వెళ్ళింది, బుద్ధి తక్కువవాళ్ళన్న ముద్ర తప్పించుకోవడం కోసం.

ఇన్ని పోగా మిగిలినదానితోనే వాళ్ళు ఇళ్ళు కొన్నారు. ఎటువంటి ఇళ్ళో కూడా చెప్పుకోవాలి. గృహరుణాలిచ్చే సంస్థలైన బిల్డింగ్ సొసైటీలు అప్పివ్వడానికి ఇష్టపడని పాత విక్టోరియన్ ఇళ్ళు, లీజు గడువు మరికొన్నేళ్ళలో తీరిపోయేవి, పైకప్పులు కారేవి. వాటికి ప్రైవేటుగా ఎక్కువ వడ్డీకి అప్పు తేవాలి. ఆ వడ్డీ కట్టడానికి గదులన్నీ అద్దెకిచ్చి కుటుంబమంతా ఒకే గదిలో సర్దుకోవాలి. ఇంతలో నగరం మురికివాడల తొలగింపు మొదలుపెట్టింది. ఉత్తర కెన్సింగ్టన్‌లో వెస్ట్‌వే అనే ఎత్తయిన రహదారి కోసం వరసలు వరసలుగా ఇళ్ళు కూల్చారు. 1970లో ఆ రోడ్డు తెరిచారు. ఇళ్ళు పోయిన చాలామంది కౌన్సిల్ ఫ్లాట్లకు, అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్ళకు చేరారు. అక్కడా వివక్ష ఆగలేదు. హ్యాక్నీ కౌన్సిల్ నల్లజాతి దరఖాస్తుదారులకు నాసిరకం ఇళ్ళు కేటాయించిందని జాతి సమానత్వ కమిషన్ 1984లోనే తేల్చింది. కౌన్సిల్ ఇళ్ళలో ఉన్నవాళ్ళే తక్కువ ధరకు వాటిని కొనుక్కోవచ్చని 1980లో చట్టం వచ్చినప్పుడు, తోట ఉన్న ఇంట్లో ఉన్నవాడికి అది వరమైంది. పదహారో అంతస్తులో లిఫ్టు పనిచేయని ఫ్లాటును కొనమంటే ఎవరు కొంటారు?

ఈ మాట ఆంటీకి నచ్చదు

ఇదంతా రాస్తున్నప్పుడు నాకు ఒక సంకోచం ఉంది. ఈ వాదన ఆంటీ వింటే మెచ్చుకోదు. ఒకసారి నేను ఆమెతో, మీకు ఎంత అన్యాయం జరిగిందో అని ఏదో అనబోతే, కాఫీ కప్పు కింద పెట్టి, "మేము ఎవరి దయ కోసమూ కూర్చోలేదు పిల్లా. ఈ ఇంటి ప్రతి ఇటుకా నా రాత్రి డ్యూటీ" అంది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. జరిగిన నష్టాల పట్టికగా వాళ్ళ జీవితాలను చదివితే, వాళ్ళు స్వయంగా కట్టుకున్నది కనబడకుండా పోతుంది.

ఆమె ముందుగదిని చూసినవాళ్ళెవరూ ఆమెను చూసి జాలిపడరు. క్రోషే అల్లికలను పంచదార పాకంలో ముంచి గట్టిపరిచి, అంచులు పువ్వుల్లా నిలబెట్టిన బల్లగుడ్డలు, గాజు చేపలు, చెక్క పెట్టెలో రేడియోగ్రామ్, గోడ మీద ఆఖరి విందు పటం, పిల్లల పట్టభద్రత ఫొటోలు. ఆ గది అతిథులకే. పిల్లలు చేతులు కడుక్కుని గానీ లోపలికి రాకూడదు. ఒకప్పుడు ఒకే గదిలో వండుకుని పడుకున్నవాళ్ళు, ఒక గదిని ఖాళీగా అందంగా ఉంచుకోగలగడమంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. షోర్‌డిచ్ వైపున్న మ్యూజియం ఆఫ్ ద హోమ్‌లో 1976 నాటి అటువంటి ముందుగదినే ఏర్పాటు చేశారు. మన పిల్లలను తీసుకుని వెళ్ళి చూడదగ్గ చోటు.

సాయం చేసిన చేతులు లేవని కూడా నేననను. 1960లలో కొన్ని స్థానిక కౌన్సిళ్ళు గృహరుణాలిచ్చాయి, అవి చాలామందికి అక్కరకొచ్చాయి. కరీబియన్లే ఇళ్ళు కొని తమవాళ్ళకే గదులు హెచ్చు అద్దెకిచ్చిన సందర్భాలున్నాయి. బ్యాంకర్ డబ్బుతో మాయమైన పార్డ్‌నర్లూ ఉన్నాయి. చీటీలు మునిగిన ఊళ్ళ నుంచి వచ్చిన మనకు అది ఆశ్చర్యం కాదు. ఆ భయం వాళ్ళకూ ఉండబట్టే కొందరు చట్టబద్ధమైన సంఘాలవైపు వెళ్ళారు. 1964లో ఉత్తర లండన్‌లోని హార్న్సీలో మొదలైన క్రెడిట్ యూనియన్, అంటే సభ్యులు పొదుపు చేసి తమలో తాము అప్పులిచ్చుకునే సంఘం, ఈ దేశంలోని తొలి క్రెడిట్ యూనియన్లలో ఒకటి. దాన్ని నిలబెట్టింది కరీబియన్ వలసదారులే. పొదుపు తెలియనివాళ్ళు పొదుపు సంఘాలు పెట్టరు.

నాకు మిగిలిన అసలు సందేహం వేరే. పార్డ్‌నర్‌ను ఇంతగా మెచ్చుకోవడం వల్ల, అప్పు నిరాకరించినవాళ్ళ బాధ్యత తేలికైపోతుందేమో. "వాళ్ళలో వాళ్ళు బాగా సర్దుకున్నారు" అన్న మెప్పు చాలా సౌకర్యమైనది. వారం వారం కట్టే సొమ్ముతో వచ్చే డ్రా ఒక అడ్వాన్సుకో, ఒక టికెట్టుకో సరిపోతుంది. పాతికేళ్ళ తక్కువ వడ్డీ అప్పు చేసే పని అది చేయలేదు. ఒక్కొక్క తరంలో ఇంటి విలువ పెరిగి, ఆ విలువ మీద పిల్లల ఇల్లు కొనడం అనేది ఆ రెండో రకం అప్పుతోనే జరుగుతుంది. మన కుటుంబాల్లో చాలామటుకు జరిగింది అదే. డిగ్రీలతో, వీసా అర్హతలు చూసి ఎంచి తెచ్చిన ఉద్యోగాలతో మనం దిగాం; జీతపు చీటీ చూపిస్తే బ్యాంకు అప్పిచ్చింది. 1960లలో వచ్చిన మన డాక్టర్లకు ఆస్పత్రి క్వార్టర్లయినా ఉండేవి. మనం పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ కష్టానికి వడ్డీతో సహా ఫలితం దక్కే ఏర్పాటు మనకు దొరికింది, వాళ్ళకు దొరకలేదు అంటున్నాను.

ఇల్లుంది, కాగితం లేదు

ఇల్లు కొన్నా సరిపోలేదన్న సంగతి 2018లో బయటపడింది. 1948 జాతీయతా చట్టం ప్రకారం బ్రిటన్ పాలనలోని వలస దేశాలవాళ్ళూ బ్రిటన్ పౌరులే. కాబట్టి వాళ్ళు వీసాలు అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. పిల్లలు తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీదే వచ్చేశారు. 1973 జనవరి 1కి ముందు స్థిరపడినవాళ్ళకు ఇక్కడ ఉండే హక్కు చట్టం ఇచ్చింది. ఆ హక్కుకు రుజువుగా కాగితం మాత్రం ఇవ్వలేదు. 2014, 2016 చట్టాలు వచ్చి, ఇంటి యజమాని, బ్యాంకు కాగితం అడగాలన్నాయి; ఉద్యోగమిచ్చేవాడు చేసే తనిఖీని మరింత కఠినం చేశాయి. ఓడ దిగిన రోజును రుజువు చేయగలిగే పాత లాండింగ్ కార్డులను హోం ఆఫీస్ 2010లోనే నాశనం చేసి ఉంది. బడికెళ్ళి, పన్నులు కట్టి, ఇక్కడే ముసలివాళ్ళైనవాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, వైద్యం అందక అల్లాడారు, కొందరిని నిర్బంధించారు, కొందరిని చిన్నప్పుడు వదిలివచ్చిన దీవులకు పంపేశారు. హోం మంత్రి ఏంబర్ రడ్ రాజీనామా చేశారు. 2019లో నష్టపరిహార పథకం మొదలైంది. డబ్బు అందకముందే చనిపోయినవాళ్ళున్నారు.

శాశ్వతంగా ఉండే అనుమతి అయిన ఇండెఫినిట్ లీవ్ కోసం జీతపు చీటీలు, కౌన్సిల్ పన్ను రసీదులు, విమాన టికెట్లు ఏళ్ళ తరబడి ఫైల్లో పెట్టుకున్న తెలుగువాళ్ళు ఈ భాగం చదివితే వెంటనే గ్రహిస్తారు. మనకు మొదటి రోజు నుంచీ ఫైలు పెట్టుకోమన్నారు. వాళ్ళకు ఫైలు అక్కర్లేదన్నారు. తరువాత ప్రతి ఏడాదికీ రుజువులు తెమ్మన్నారు. దాచుకోవడం తెలియక వాళ్ళు నష్టపోలేదు. నోటుపుస్తకంలో ప్రతి వారం టిక్కు పెట్టుకున్న మనుషులు, అడిగి ఉంటే రసీదులు కూడా దాచేవారు.

ఇప్పటికీ పూర్తికాని ఖర్చు ఇంకొకటుంది. పనిచేసినన్నాళ్ళూ పింఛను కోసం నేషనల్ ఇన్సూరెన్స్ చందా కట్టి, చివరికి దీవికి తిరిగి వెళ్ళి ఇల్లు కట్టుకున్నవాళ్ళు చాలామంది. జమైకాకో బార్బడోస్‌కో వెళ్ళినవాళ్ళకు బ్రిటన్ ప్రభుత్వ పింఛను ఇక్కడిలాగే ఏటా పెరుగుతుంది. ట్రినిడాడ్‌కో, గ్రెనడాకో, సెయింట్ లూసియాకో వెళ్ళినవాళ్ళకు పెరగదు. అక్కడ మొదటిసారి అందిన మొత్తమే చనిపోయేదాకా అందుతుంది. ఒకే డిపోలో ఒకే రూట్లో పక్కపక్కన బస్సులు నడిపిన బార్బడోస్ డ్రైవరుకూ గ్రెనడా డ్రైవరుకూ ఎనభయ్యేళ్ళ వయసులో ఆదాయంలో ఎంత తేడా వస్తుందో ఊహించుకోవచ్చు. ఇద్దరూ కట్టిన చందా ఒకటే. పింఛను పెరగని దేశాల జాబితాలో ఇండియా కూడా ఉంది. రిటైరయ్యాక విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్ళిపోదామనుకుంటున్న మన పెద్దవాళ్ళకూ ఇదే నియమం వర్తిస్తుంది. దీన్ని మార్చమని పింఛనుదారుల సంఘాలు ఏళ్ళుగా అడుగుతున్నాయి. ఆ అర్జీల మీద సంతకాలు పెట్టడానికి మన సంఘాలవాళ్ళు ఇంకా ముందుకు రావాలి.